డబ్బా అడుగు పొడి

ఆగమ్మ ఏ సరుకునైనా చెప్పిన ధరకు కొన్నట్టు మాదన్నపేట మార్కెట్లో ఎవరికీ గుర్తు లేదు. బెండకాయలమ్మే మనిషి ఆమెను దూరం నుంచి చూస్తూనే కిలో మీద పది రూపాయలు పెంచేస్తాడు, ఎలాగూ పది తగ్గించమంటుందని. ఆ సంగతి ఆమెకు తెలుసు, అందుకే పదిహేను తగ్గించమంటుంది. "లూట్ రహే క్యా భాయ్?" అని ఆమె, "నా కడుపు కొట్టకమ్మా" అని అతను కాసేపు అరుచుకుంటారు. చివరికి ఎవరికి వారు గెలిచామనుకుని విడిపోతారు.

ఆమెకు యాభై ఆరేళ్లు. సైదాబాద్ వైపు ఒక ఇంగ్లీషు మీడియం బళ్లో ఆయా. ఇరవై రెండేళ్లుగా పిల్లల ముక్కులు తుడుస్తోంది, టిఫిన్ డబ్బాల మూతలు తీస్తోంది, బూట్ల తాళ్లు కడుతోంది. ఆగమ్మ కట్టిన బూటు తాడు సాయంత్రం ఇంటికెళ్లేదాకా ఊడదని తల్లులు కూడా ఒప్పుకుంటారు. బడి నుంచి ఇంటికి ఆటో ఎక్కదు. నడిచే దారిలో ఎన్ని దుకాణాలుంటే అన్నిటినీ పలకరించి వస్తుంది. ఏ దుకాణంలో ఏ వారం సరుకు దిగుతుందో, ఏ రోజు అది పాతబడుతుందో దుకాణదారుకైనా మతిమరుపు ఉండవచ్చు గాని ఆమెకు లేదు.

కొనుగోలులో ఆమెకొక సిద్ధాంతం ఉంది. దుకాణం తెరిచే వేళకు పోయేవాళ్లు తెలివితక్కువవాళ్లు, మూసే వేళకు పోవాలి. విరిగిందీ నలిగిందీ అడుగున మిగిలిందీ అప్పుడే చౌకగా వస్తుంది. "నోట్లె ఏసుకున్నంక అన్నీ ముక్కలే గద" అంటుంది. దీనికి ఎదురు చెప్పి నెగ్గినవాళ్లను నేనింకా చూడలేదు.

సంతోష్‌నగర్‌లోని గోదావరి రుచుల కొట్టు ఆమెకు పరిచయమైంది పూతరేకు వల్ల. బళ్లో లెక్కల టీచరు ఒకావిడ తణుకు వైపు మనిషి. తన పుట్టినరోజున ఆయాలందరికీ తలా ఒక పూతరేకు పంచింది. ఆగమ్మ దాన్ని చూసి, లోపల ఏదో మిఠాయిని తెల్ల కాగితంలో చుట్టారనుకుంది. ఓపిగ్గా ఒక్కో పొర ఒలిచి పక్కన పెట్టింది. లోపల కాస్త బెల్లం పొడి రాలింది తప్ప మిఠాయి ఏదీ కనబడలేదు. టీచరు పగలబడి నవ్వి, ఆ కాగితమే తినాలమ్మా అని చెబితే ఒలిచినదంతా కూడగట్టి నోట్లో వేసుకుంది. వేసుకుని, "గిది ఏడ దొరుకుతది టీచరమ్మా?" అని అడిగింది. రెండో ప్రశ్న, "ముక్కలైనయి అమ్ముతరా?"

అమ్ముతారు. కొట్టు యజమాని అమరనాథ్‌ది తణుకే. ఇరవై ఏళ్ల కిందట వచ్చి, ఇక్కడి ఆఫీసుల్లో పనిచేసే ఆంధ్రా కుటుంబాల కోసం కొట్టు పెట్టాడు. ప్రతి ఆదివారం తెల్లవారి బస్సులో ఊరి నుంచి కొత్త సరుకు దిగుతుంది. అందుకని శనివారం సాయంత్రానికి డబ్బాలన్నీ ఖాళీ చేస్తాడు. విరిగిన పూతరేకులు, పాకం కారిపోయిన కాజాలు, మామిడి తాండ్ర అంచులు, గుమ్మడి వడియాల పొట్టు, అన్నీ ఆ సాయంత్రం సగం ధరకు పోతాయి. ఆగమ్మ శనివారం ఏడుకల్లా అక్కడుంటుంది. మొదట్లో ఆమె "సేటూ" అని పిలిస్తే అమరనాథ్ ముఖం చిట్లించేవాడు. ఆ పిలుపు ఈ ఊళ్లో మర్యాదేనని అతనికి అర్థం కావడానికి నాలుగేళ్లు పట్టింది.

ఆ కొట్టులో ఆమెకు అన్నిటికంటే ఇష్టమైన బేరం అడుగు పొడి. కందిపొడి, నువ్వులపొడి, కరివేపాకు పొడి, కొబ్బరి కారం, వెల్లుల్లి కారం, ఇలా ఐదు పెద్ద రేకు డబ్బాలు వరసగా ఉండేవి. శనివారం వాటి అడుగున మిగిలిందంతా అమరనాథ్ ఒకే పళ్లెంలోకి దులిపేవాడు. దానికి పేరు లేదు, బోర్డు మీద ధర లేదు. అడిగేవాళ్లు లేక ఇంటికి పట్టుకెళ్లేవాడు. ఒకరోజు ఆగమ్మ వేలితో అద్దుకుని రుచి చూసి, "సేటూ, గిది ఇంటికి తీస్కపోకు, నాకియ్యి" అంది. పుష్కరం నుంచీ ఆ పొట్లం ఆమెదే.

ఆ పొడిని అన్నంలో కలుపుకుని తినడం ఆమె మొగుడు సీమోనుకు ప్రాణం. సీమోను బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాడు. వేడి అన్నంలో పొడి, రెండు చుక్కల నూనె వేసుకుని ముద్ద కలిపితే మాట్లాడేవాడు కాదు. పళ్లెం ఖాళీ అయ్యాక ఒకటే మాట, "ఇంక జర పెట్టు". ముప్పై ఏళ్ల కాపురంలో అతను ఆగమ్మ వంటను ఇంతకు మించి మెచ్చుకోలేదు. ఆమె కూడా ఇంతకు మించి కోరుకోలేదు.

అయితే ఆ పొడి ఎక్కడిదో అతనికి చెప్పలేదు. "నేనే దంచిన" అని చెప్పింది. ఆమె మామూలుగా అబద్ధాలాడే మనిషి కాదు, బేరంలో తప్ప. కాని దీనికి కారణం ఉంది. సీమోను తల్లి మాణిక్యమ్మ నాలుగిళ్లలో పాచిపని చేసి, వాళ్లు తినగా మిగిలిన అన్నం, కూర స్టీలు గిన్నెలో తెచ్చి కొడుకుని పెంచింది. అతను ఆరో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం తోటి పిల్లవాడు అతని గిన్నెలోకి తొంగిచూసి, "ఇది మా ఇంటి వంకాయ కూర" అని క్లాసంతా వినేలా అన్నాడు. సీమోను గిన్నె మూతపెట్టి ఇంటికొచ్చేశాడు. ఆనాటి నుంచి మిగిలినదన్న మాట వింటే చాలు, అతనికి ముద్ద దిగదు. డిపో క్యాంటీన్‌లో గిన్నె అడుగుకు వచ్చిందంటే ఆకలితోనే లేచి వచ్చేవాడు. అలాంటివాడి దగ్గర డబ్బాల అడుగు అని ఎలా చెబుతుంది?

కిందటి ఏడాది వానాకాలం చివర సీమోనుకు దగ్గు పట్టుకుంది. నెల దాటినా తగ్గకపోతే పరీక్ష చేసి టీబీ అన్నారు. భయం లేదు, ఆరు నెలలు మాత్రలు వేసుకుంటే పూర్తిగా పోతుంది, కాని బాగా తినాలి, బరువు పెరగాలి అని డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు ఉచితం. తిండితోనే చిక్కొచ్చి పడింది. ఆ మాత్రలు మొదలయ్యాక అతని నాలుకకు మాంసం మట్టిలా, చారు నీళ్లలా తగిలేవి. తినకుండా మాత్ర వేసుకుంటే వాంతి. పురానాపూల్ దగ్గర ఉండే కూతురు షారోన్ పాలలో కలపమని ఏదో ఖరీదైన డబ్బా తెచ్చింది. సీమోను ఒక గుక్క తాగి, గోడలకు వేస్తే సున్నం ఖర్చు కలిసొస్తుందన్నాడు.

అతని నోటికి పట్టిందల్లా ఆ పొడి ఒక్కటే. "ఇంక జర" అన్న మాట పోయింది గాని, పొడి కలిపిన అన్నం రెండు పూటలా నాలుగు ముద్దలైనా లోపలికి పోయేది. మూడో నెల తూకంలో కిలోన్నర పెరిగాడు. ఆగమ్మ ఆ వారం చర్చిలో కొవ్వొత్తి వెలిగించి, ప్రభువుతో పాటు అమరనాథ్ సేటు పేరు కూడా తలుచుకుంది.

సరిగ్గా అప్పుడే కొట్టు మారింది. అమరనాథ్ కూతురు స్రవ్య చదువు ముగించుకుని కౌంటర్లో కూర్చుంది. డబ్బాలు తీసేసి అన్నీ సీలు వేసిన ప్యాకెట్లు చేయించింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. విడి సరుకులో వానాకాలం పురుగు పడుతుంది, జనం కూడా ప్యాకెట్లే అడుగుతున్నారు. కాని డబ్బాలు లేకపోతే అడుగు ఉండదు. శనివారం ఏడింటికి వచ్చిన ఆగమ్మకు మెరిసే అలమరా, దానిలో వరసగా నిలబడ్డ ప్యాకెట్లు కనిపించాయి.

"సేటూ, నా పొడేది?"

"ఇంక అది ఉండదండీ ఆగమ్మగారూ. అంతా ప్యాకింగే."

"అండ్ల ఏమేం కలుస్తుండె?"

అమరనాథ్ వేళ్లు మడిచి ఐదు పొడులూ చెప్పాడు. ఆగమ్మ ఐదు ప్యాకెట్లు తీసుకుంది. వాటి వెనక ధర అచ్చేసి ఉంది. అచ్చేసిన ధరతో బేరమాడటం ఆమెకు రాదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చెప్పిన ధర ఇచ్చి బయటికొచ్చింది. మాదన్నపేట బెండకాయల మనిషి చూసి ఉంటే గుండె ఆగేది.

ఇంటికొచ్చి ఐదూ సమానంగా కలిపి పెట్టింది. సీమోను ఒక ముద్ద తిని, రెండోది కలిపి, కలిపిందాన్ని పళ్లెంలో వదిలేశాడు. మర్నాడు వెల్లుల్లి కారం పెంచింది. ఆ తర్వాత కంది పెంచి కొబ్బరి తగ్గించింది. ఒకరోజు ఉప్పు ఎక్కువనిపించింది, ఒకరోజు ఘాటు. మునుపటి పొడిలో నాలుక మీద కాస్త తీయగా, పంటి కింద కాస్త పలుకుగా ఏదో తగిలేది. అదేమిటో ఆమెకు పోల్చుకోవడం రాలేదు. మూడు వారాలు ఇలా గడిచాయి. నాలుగో నెల తూకంలో పెరిగిన కిలోన్నర పోయి, ఇంకో అరకిలో కూడా పోయింది. తిండి ఇలాగే ఉంటే మందు పట్టడం కష్టమని డాక్టరమ్మ అతని ముందే చెప్పింది.

ఆ రాత్రి సీమోను పళ్లెం పక్కకు జరిపి భార్య ముఖంలోకి చూశాడు.

"ఏమే, ఒకటడుగుతా, నిజం చెప్పు. నాకు చేసి చేసి యాష్టకొచ్చినవా?"

"గదేం మాట?"

"ఇదివరకటి తీర్గ దంచుతలేవు. నాకు తెల్వదా? మనసు పెట్టి చేస్తే గిట్లుంటదా? నేను లేస్తనో లేదో అని ఇసుగు పుట్టింది నీకు. తప్పేం లేదు. బడి చూసుకోవాలె, నన్ను చూసుకోవాలె. నేనైనా గంతే."

అతను కోపంగా అని ఉంటే ఆమె తట్టుకునేది. శాంతంగా, ఆమె మీద జాలిపడుతూ అన్నాడు. ఆగమ్మకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి, కోపం ముందు బయటపడింది.

"నేనెప్పుడు దంచిన? ఒక్కనాడు గూడ దంచలే! పన్నెండేండ్ల సంది నువ్వు తిన్నది ఆంధ్రా సేటు దుకాన్ల డబ్బాల అడుగు. శనివారం దులిపితే మిగిలింది. ఇప్పుడు డబ్బాలు తీసేసిండ్రు, అడుగు లేదు. నేనేం జెయ్యాలె? మూడు వారాల సంది గదే కలుపుతున్న, సస్తున్న. యాష్టకొచ్చినట నేను!"

సీమోను చేయి కడుక్కుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దున చాయ్‌లో రస్కు ముంచుకుని మాత్ర వేసుకున్నాడు. మూతపెట్టి వెళ్లిన అన్నం ఆమె బడి నుంచి వచ్చేసరికి అలాగే ఉంది. ఆగమ్మ ఆ పళ్లెం చేత్తో పట్టుకుని వంటింటి గడపలో కూర్చుండిపోయింది. నిజం చెప్పకుండా ఉండాల్సిందని అప్పుడనిపించింది. అతనికి ఇష్టమైన ఆ ఒక్కటీ కూడా తన నోటితోనే చెడగొట్టింది.

దీపాలు పెట్టే వేళకు సీమోను మంచం మీంచి అడిగాడు.

"గది ఎవరన్న తినంగ మిగిలిందా?"

"లేదయ్యా. అమ్మంగ మిగిలింది. ఎవ్వరి చెయ్యి తగలలే, సేటు గరిట తప్ప."

"ఊకెనే ఇచ్చిండా?"

"ఊకెనే ఎందుకిస్తడు? కొన్న. సగం ధర పెట్టిన."

సీమోను మంచం మీద లేచి కూర్చున్నాడు. "మా అమ్మ కొనలే" అన్నాడు. "పెడితే తెచ్చింది. కొన్నదానికి, పెట్టినదానికి ఫరక్ ఉంటది." కాళ్లు కిందికి దించి, "రేపు శనివారమే గద? నేనొస్త. సేటును ఒకటడగాలె" అన్నాడు.

మర్నాడు సాయంత్రం ఆటో మాట్లాడుకుని బయల్దేరారు. జబ్బు పడ్డాక సీమోను ఆసుపత్రికి తప్ప వీధి దాటడం అదే మొదలు. చొక్కా వదులై భుజాల మీంచి జారుతోంది. అమరనాథ్ స్టూలు జరిపి కూర్చోబెట్టి, కూతురిచేత మంచినీళ్లు తెప్పించాడు.

"సేటూ, డబ్బాల అడుగు ఎట్ల తీస్తుంటివి?" అన్నాడు సీమోను.

"ఎట్లా అంటే ఏముందండీ, బోర్లించి తట్టడమే."

"తడితే రాలదు. ముప్పై ఏండ్లు గ్రీసు డబ్బాలు సాఫ్ చేసిన నేను. వెల్లుల్లి కారం, కొబ్బరి కారం నూనె ఇడుస్తయి. నూనె పట్టిన రేకు ఊకెనే తడితే ఇడువదు. డిపోల మేము రంపపు పొట్టు పోసి డబ్బా గిర్రున తిప్పేది. అప్పుడు అంటిందంత పొట్టుకు పట్టుకొని వస్తది. నువ్వేం పోసి తిప్పుతుంటివి?"

అమరనాథ్ నోరు కొంచెం తెరుచుకుంది. "అదా! పుట్నాల పప్పండీ. బస్తా అడుగున నూక మిగులుతుంది కదా, అది గుప్పెడు ఒక్కో డబ్బాలో వేసి తిప్పి దులిపేవాణ్ణి. మా అమ్మ అలవాటు. నీళ్లు తగిలితే రేకు తుప్పు పడుతుందని డబ్బా కడగనిచ్చేది కాదు."

"మరి నాకు చెప్పవైతివేంది సేటూ?" ఆగమ్మ గొంతు కొట్టు బయటిదాకా వినిపించింది. "మూడు వారాలు! మనిషి రెండు కిలోలు తగ్గిండు!"

"మీరు ఏమేం పొడులు కలుస్తాయని అడిగారండీ. డబ్బా దేంతో తుడుస్తారని అడగలేదు కదా!" అమరనాథ్ నిజంగానే నొచ్చుకున్నాడు. పన్నెండేళ్లు తన చేత్తో వేసిన పుట్నాలు పొడిలో భాగమని అతనికి ఎప్పుడూ తోచలేదు. అతని లెక్కలో అది శుభ్రం చేసే పని.

లోపలికి వెళ్లి పుట్నాల నూక ఒక సంచి నిండా, అటక మీంచి పాత రేకు డబ్బా ఒకటి తెచ్చి ఆగమ్మ చేతిలో పెట్టాడు. "తీసుకెళ్లండి. డబ్బులేమీ వద్దు."

"ఒద్దు" అంది ఆగమ్మ. "ధర జెప్పు."

"అయ్యో, నూకేనండీ, దీనికేం ధర!"

"జెప్పు సేటూ. డబ్బాకు గూడ జెప్పు."

అమరనాథ్‌కు ఏమీ అర్థం కాలేదు. కౌంటర్లోంచి చూస్తున్న స్రవ్యకు ఏం అర్థమైందో, రెండింటికీ కలిపి ఒక చిన్న అంకె చెప్పింది. ఆగమ్మ తగ్గించమనలేదు. సీమోను తన జేబులోంచి తీసి ఇచ్చాడు.

ఇంటికి రాగానే ఆమె పొయ్యి మీద అన్నం పడేసింది. సీమోను చాప మీద కూర్చుని ఐదు పొడులూ డబ్బాలో పోసి, మూత పెట్టి ఊపాడు. పొడి రేకుకంతా పట్టాక దాన్ని దులిపి, గుప్పెడు పుట్నాల నూక వేసి, రెండు చేతులతో డబ్బాను పక్కకు వంచి తిప్పడం మొదలుపెట్టాడు. ఎండిన చేతుల మీద నరాలు తేలాయి. మధ్యలో దగ్గు వచ్చి ఆగాడు. ఆమె అందుకోబోతే, "నువ్వాగు, గిది నా పని" అన్నాడు. కాసేపటికి డబ్బా గోడలు తెల్లగా తేలాయి. ఎర్రగా తడిసిన నూక పొడిలో కలిసి పళ్లెంలోకి రాలింది.

వేడి అన్నం, పొడి, రెండు చుక్కల నూనె. ఆగమ్మ ఎదురుగా కూర్చుని అతని ముఖం చూడకుండా ఉండాలని ప్రయత్నించింది, కుదరలేదు. మొదటి ముద్ద నమిలాడు. రెండోది కలిపాడు. దాన్ని పళ్లెంలో వదల్లేదు. మూడు, నాలుగు, ఆమె లెక్కపెడుతూనే ఉంది. పళ్లెం అడుగు వేలితో తుడిచి నాకి, తలెత్తకుండానే అన్నాడు.

"ఇంక జర పెట్టు."

ఆగమ్మ గబగబా గిన్నె మూత తీసింది. నాలుగు నెలలుగా అతని నాలుగు ముద్దలకు, తన పిడికెడుకు సరిపోయేంతే వండటం అలవాటైపోయింది. గిన్నెలో ఉన్నది ఆమె వంతే. అదంతా అతని పళ్లెంలో పెట్టింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, రెండు గ్లాసుల బియ్యం కొలిచి కడగడానికి లేచింది.